రూపాబాయి చేతిలోని సీసా.. మీ ల్యాబ్‌లోనూ ఉంది!

నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగుతారు. భుజాన బ్యాగు, అందులో సర్టిఫికెట్ల ఫైలు. సర్వీస్ కమిషన్ ఆఫీసు దగ్గర పనుంటే అటు, లేదంటే ఆబిడ్స్ వైపు. ఆదివారమైతే ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో మీ సిలబస్‌కి పనికొచ్చేది ఏదైనా దొరుకుతుందేమోనని ఓ గంట వెతుకులాట. అక్కణ్నుంచి కోఠి, సుల్తాన్‌బజార్ మీదుగా అఫ్జల్‌గంజ్. సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరికితే ఆ రోజుకి అదే అదృష్టం. ఈ దారి మీలో చాలామందికి కొట్టినపిండి.

సరిగ్గా ఈ దారిలోనే, నూట ముప్పై ఏళ్ల కిందట, ఓ అమ్మాయి ఉద్యోగ జీవితం మొత్తం గడిచింది. ఆమె పేరు రూపాబాయి ఫర్దూన్జీ. ప్రపంచంలో తొలి మహిళా ఎనస్థటిస్ట్‌గా వైద్య చరిత్రలో చెప్పుకునే పేరు. ఆపరేషన్‌కి ముందు రోగికి మత్తు ఇచ్చే డాక్టర్ అన్నమాట. ఆమె చేతిలో ఉన్న మందు క్లోరోఫాం. బీఎస్సీ, ఎంఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, కెమికల్ ఇంజినీరింగ్ చదివిన వాళ్లకి ఇది గోధుమరంగు సీసాలో ఉండే సాల్వెంట్. రేపు మీకు పటాన్‌చెరులోనో, జీడిమెట్లలోనో ఉద్యోగం వస్తే మళ్లీ ఎదురుపడే అవకాశం ఉన్న సరుకే. అందుకే ఈ వారం ఆమె కథ. ఇది ఇన్‌స్పిరేషన్ కోసం మాత్రమే కాదు, మీ ఊపిరితిత్తుల కోసం కూడా.

క్లాసులో ఐదుగురు అమ్మాయిలు

హైదరాబాద్‌లో వైద్య పాఠశాల 1846లోనే మొదలైంది. నిజాం సర్కారు పెట్టింది. దాదాపు నలభై ఏళ్లు అందులో మగపిల్లలే చదివారు. 1885లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ హైదరాబాద్ రెసిడెన్సీకి వచ్చాడు. ఎడిన్‌బరోలో చదువుకున్నవాడు, పట్టుదల మనిషి. పాఠశాల బాధ్యత చేతికి రాగానే ఆడపిల్లలకీ తలుపులు తెరిచాడు. ఆ తొలి బృందంలో చేరిన ఐదుగురిలో రూపాబాయి ఒకరు.

ఆమెది పార్శీ కుటుంబం. ఆబిడ్స్ తిలక్ రోడ్డులో 1904 నాటి పార్శీ అగ్ని ఆలయం ఇప్పటికీ ఉంది. మీరు దాని ముందు నుంచి వందసార్లు వెళ్లి ఉంటారు, గమనించి ఉండరు. వ్యాపారంలోనూ సర్కారు కొలువుల్లోనూ ఉంటూ ఈ ఊళ్లో స్థిరపడిన చిన్న సమాజం వాళ్లది.

అప్పటి పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగ డాక్టర్ ముందుకి రావడమే కష్టం. ఇక స్పృహ లేకుండా టేబుల్ మీద పడుకోవడం అంటే? మత్తు ఇచ్చే మనిషి కూడా ఆడమనిషే అయితే ఎన్నో కుటుంబాలు ధైర్యం చేస్తాయి. అంటే రూపాబాయి నేర్చుకున్నది ఎవరూ అడగని విద్య కాదు, ఊరికి గట్టిగా అవసరమైన స్కిల్. 1889లో ఆమె చదువు పూర్తయింది. చేతికొచ్చిన పట్టా పేరు హకీం.

హైదరాబాద్ పేరు లండన్ దాకా

ఆమె చదువుకుంటున్న రోజుల్లోనే క్లోరోఫాం మీద ప్రపంచమంతా ఒక పెద్ద గొడవ నడుస్తోంది. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ దాన్ని మత్తుమందుగా వాడి చూపించాడు. అందరూ అద్భుతం అన్నారు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లాండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి వెళ్లి ఆ మత్తులోనే చనిపోయింది. ఆ తర్వాత అలాంటి మరణాలు ఆగలేదు.

ఎందుకు చనిపోతున్నారు? ఇక్కడ డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. ముందు గుండె ఆగుతోంది, నాడి చూస్తూ ఉండండి అని లండన్ వైపు వాళ్లు. ముందు శ్వాస ఆగుతోంది, ఊపిరి సరిగ్గా గమనిస్తే ఎవరూ చావరు అని ఎడిన్‌బరో వైపు వాళ్లు. లారీ రెండో వర్గం మనిషి. ఆయన దాన్ని రుజువు చేయడానికి హైదరాబాద్‌నే వేదిక చేసుకున్నాడు.

1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ జరిగింది. కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సర్కారు వెయ్యి పౌండ్లు ఇచ్చింది. మీరు నమ్మిన శాస్త్రవేత్తనే పంపండి, మా ఊళ్లోనే తేల్చుకుందాం అన్నట్టు. లాన్సెట్ తరఫున థామస్ లాడర్ బ్రంటన్ 1889లో ఇక్కడికి వచ్చాడు. రెండో కమిషన్‌లో వందల జంతువుల మీద పరీక్షలు చేశారు. బ్రంటన్ కూడా చివరికి లారీ మాటకే ఓటేశాడు. 1890లో ఆ ఫలితాలు లాన్సెట్‌లో అచ్చయ్యాయి. వైద్య ప్రపంచం హైదరాబాద్ వైపు తిరిగి చూసింది.

ఈ కమిషన్ల కాలంలో క్లోరోఫాం ఇచ్చిన చేతుల్లో రూపాబాయి చేతులు కూడా ఉన్నాయి. ఆ తర్వాత ఆమె అదే పనిని జీవితంగా చేసుకున్నారు. ఇప్పుడు సుల్తాన్‌బజార్ ఆసుపత్రిగా మనకు తెలిసిన రెసిడెన్సీ ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, విక్టోరియా జనానా ఆసుపత్రి.. 1889 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఈ చోట్ల ఆమె మత్తు ఇచ్చారు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ పాత ఆసుపత్రి దెబ్బతిని పోయింది. ఇప్పుడు మీరు చూసే ఉస్మానియా ఆసుపత్రి ఆ తర్వాత కట్టింది.

గుడ్డ మీద చుక్కలు.. లెక్క ఎక్కడ?

ఇక్కడ కాస్త ఆగుదాం. అసలు పాఠం ఇక్కడే ఉంది.

లారీ పద్ధతి చాలా సింపుల్. శంకువులా మడిచిన గుడ్డ, లోపల కొంచెం దూది. దాని మీద క్లోరోఫాం పోసి రోగి ముక్కు దగ్గర పెట్టాలి. కళ్లు మాత్రం రోగి ఛాతీ మీద ఉండాలి. ఊపిరి సరిగ్గా నడుస్తోందా లేదా, అంతే. గాలిలో ఆవిరి ఎంత శాతం ఉందన్నది ఆయనకి పట్టలేదు.

అంతకు నలభై ఏళ్ల ముందే లండన్‌లో జాన్ స్నో అనే డాక్టర్ ఇంకో దారి చూపాడు. కలరా నీళ్ల ద్వారా వస్తుందని తేల్చిన స్నో ఈయనే. క్లోరోఫాంని కొలిచి ఇవ్వాలి అన్నాడు. రోగి పీల్చే గాలిలో ఆవిరి నాలుగైదు శాతం దాటకుండా ఉండే పరికరం తయారు చేసుకున్నాడు. ఒకాయన జాగ్రత్తగా చూడమన్నాడు, ఇంకొకాయన కొలవమన్నాడు. తేడా అదే.

చివరికి ఎవరు నెగ్గారు? 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు, మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు కూడా క్లోరోఫాం గుండె లయని ఒక్కసారిగా చెదరగొట్టి ప్రాణం తీయగలదని పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించాడు. అంటే ఊపిరి బాగానే ఉన్నా గుండె ఆగొచ్చు. హైదరాబాద్ కమిషన్ తీర్పు తప్పని తేలింది. దానికి తోడు ఆపరేషన్ అయిన కొన్ని రోజులకి కాలేయం దెబ్బతిని చనిపోయే కేసులూ బయటపడ్డాయి. మెల్లగా క్లోరోఫాం ఆపరేషన్ థియేటర్ల నుంచి మాయమైంది. 1976లో అమెరికా మందుల్లో, సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించింది. మనిషిలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఇప్పుడు అది ఉంది.

మరి రూపాబాయి ఏం చేశారు? నాకు ఆమె మీద గౌరవం రెట్టింపైన ఘట్టం ఇదే. 1909లో, అప్పటికే ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న డాక్టర్, మళ్లీ విద్యార్థిగా ఎడిన్‌బరోకి వెళ్లారు. అక్కడ మత్తు వైద్యానికి విడిగా కోర్సు లేదు. అందుకని ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివారు. ఎందుకో ఆలోచించండి. ఆవిరి ఎంత వేగంగా పుడుతుంది, ఎంత వేడికి ఎంత గాఢత, గాలిలో ఎలా కలుస్తుంది.. మత్తు ఇవ్వడం అంటే సగం ఫిజిక్స్, సగం కెమిస్ట్రీ. చేతి అలవాటు మీద నడిచే పనికి పునాది ఏంటో తెలుసుకోవాలనుకున్నారు. ఓ పాతికేళ్ల కుర్రాడు రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్‌కే ఇంక నేర్చుకోవడానికేం లేదనుకునే కాలం ఇది. ఆమెని చూసి మనం కొంచెం సిగ్గుపడొచ్చు.

తిరిగొచ్చాక మళ్లీ హైదరాబాద్ ఆసుపత్రుల్లోనే పనిచేశారు. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా రిటైర్ అయ్యారు. ఐదుగురు అమ్మాయిల్లో ఒకరిగా మొదలై, ఒక ఆసుపత్రిని నడిపే కుర్చీ దాకా. ఆ కాలానికి అదెంత దూరమో వేరే చెప్పక్కర్లేదు.

ఎవరూ అడగని ప్రశ్న

కమిషన్లు రెండూ, లండన్ వాదనలూ, అన్నీ టేబుల్ మీద పడుకున్న మనిషి గురించే. టేబుల్ తల వైపు నిలబడి, ఆ గుడ్డకి జానెడు దూరంలో ముఖం పెట్టి, గంటల తరబడి, ఏళ్ల తరబడి అదే గాలి పీల్చిన డాక్టర్ సంగతేంటి? ఆ రోజుల్లో దాన్ని ఎవరూ కొలవలేదు. రోగికి అది ఒక్కరోజు మందు. రూపాబాయికి అది రోజూ పీల్చే గాలి.

దీనికి సమాధానం వెతకడం చాలా ఆలస్యంగా మొదలైంది. 1958లో ఇంగ్లాండ్‌లో గొంతు బిళ్లలు తయారుచేసే ఓ ఫ్యాక్టరీలో క్లోరోఫాం ఆవిరి పీల్చిన కార్మికుల మీద ఒక అధ్యయనం వచ్చింది. నీరసం, దిగులు, కడుపులో తిప్పడం, మాటిమాటికీ మూత్రం. వాళ్లు పీల్చిన మోతాదు కొందరికి 77 నుంచి 237 పీపీఎం, ఇంకొందరికి 23 నుంచి 71. తక్కువ మోతాదు వాళ్లు కూడా బాగా ఏం లేరు. 1967లో సోవియట్ యూనియన్‌లో వైస్‌మన్ అనే ఆయన, మత్తుమందులు వాడే డాక్టర్లని సర్వే చేశాడు. తలనొప్పులు, అలసట, మహిళా డాక్టర్లలో గర్భస్రావాలు. ఆ తర్వాతే థియేటర్లలో మిగిలిపోయిన వాయువుని బయటికి లాగేసే ఏర్పాట్లు వచ్చాయి. 1977లో అమెరికా సంస్థ నియోష్, ఈ రకం మత్తు ఆవిర్లు థియేటర్ సిబ్బందికి 2 పీపీఎం దాటకూడదని సిఫారసు చేసింది.

పీపీఎం అంటే భయపడకండి

పీపీఎం అంటే పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు అని. ఒక శాతం అంటే 10,000 పీపీఎం. స్నో చెప్పిన నాలుగు శాతం అంటే 40,000. 2025 దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో క్లోరోఫాంకి ఇచ్చిన హద్దు 10 పీపీఎం, అంటే ఘనపు మీటరు గాలిలో సుమారు 50 మిల్లీగ్రాములు. ఇది ఎనిమిది గంటల సగటు.

భోపాల్ తర్వాత, 1987లో, ఆ చట్టానికి ప్రమాదకర ప్రక్రియల మీద ఒక అధ్యాయమే చేర్చారు. అందులోని 41ఎఫ్ సెక్షన్ ఈ హద్దుల గురించే. రసాయనాల ప్రమాదం గురించి కార్మికులకి చెప్పి తీరాలని, ముప్పు ముంచుకొస్తోందనిపిస్తే యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు కార్మికులకి ఉందని అదే అధ్యాయం చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్‌లోనూ హద్దుల ప్రస్తావన ఉంది.

10 పీపీఎం ఎంత చిన్నదో ఓ లెక్క వేద్దాం. మీ ల్యాబ్ గది ఐదు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తు అనుకోండి. అరవై ఘనపు మీటర్లు. ఒక్కో మీటరుకి 50 మిల్లీగ్రాములంటే మొత్తం 3 గ్రాములు. క్లోరోఫాం బరువైన ద్రవం, మిల్లీలీటరుకి దాదాపు గ్రామున్నర. అంటే రెండు మిల్లీలీటర్లు. టీ చెంచాలో సగం కూడా లేదు! కిటికీలు మూసిన గదిలో అంత ఒలికి ఆవిరైతే చాలు, గది మొత్తం హద్దుకి చేరుతుంది. పైగా ఆ ఆవిరి గాలి కంటే నాలుగు రెట్లు బరువు, కిందికి దిగి నేల పక్కన పేరుకుంటుంది.

ఇంకో మాట. వాసన వస్తే జాగ్రత్త పడదాం అనుకుంటారు చాలామంది. క్లోరోఫాం తియ్యటి వాసన మనిషి ముక్కుకి తెలిసేది సుమారు 85 పీపీఎం దగ్గర. అంటే మీకు వాసన తెలిసేసరికే గాలి హద్దుకి ఎనిమిది రెట్లు దాటేసింది. ముక్కు మీటర్ కాదు. లారీ కళ్లు కూడా మీటర్ కాలేకపోయినట్టే.

సగటు అన్న మాట దగ్గరా జాగ్రత్త. నాలుగు గంటలు 15 పీపీఎం, నాలుగు గంటలు 3 పీపీఎం పీలిస్తే సగటు 9. కాగితం మీద పాస్. కానీ మీది పన్నెండు గంటల షిఫ్ట్ అయితే? ఎక్కువసేపు పీలుస్తారు, ఒంట్లోంచి అది బయటికి పోయే సమయం తగ్గుతుంది. పరిశ్రమల్లో వాడే ఒక పాత సూత్రం ప్రకారం పన్నెండు గంటల షిఫ్ట్‌కి హద్దుని సగం చేయాలి. అంటే 5 పీపీఎం. అప్పుడు ఆ 9 ఫెయిల్.

హద్దు దాటకపోతే ఏమీ కాదని గ్యారంటీ అని కూడా అనుకోవద్దు. ఇదే క్లోరోఫాంకి అమెరికా చట్టంలో ఎప్పుడూ దాటకూడని అంకె 50, నియోష్ సిఫారసు గంటకి 2. ఒకే విషానికి మూడు అంకెలు. విజ్ఞానం పెరిగేకొద్దీ అంకెలు మారుతుంటాయి. వాటిని ఫుట్‌పాత్ అంచులా చూడాలి. అంచు మీద నడవమని కాదు, వీలైనంత లోపలికి ఉండమని.

నా మూడో ఏడాది సంగతి

ఇప్పుడు టెక్ బ్లాగ్ రాసుకుంటున్నా గానీ, నేను చదివింది కెమికల్ ఇంజినీరింగ్. మూడో ఏడాదిలో ఓ బల్క్ డ్రగ్ యూనిట్‌లో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశా. డ్రమ్ముల్లోంచి సాల్వెంట్ తోడే గదిలో తియ్యటి వాసన. మొదటి రోజు అడిగితే అలవాటైపోతుందన్నారు. నిజంగానే నాలుగో రోజుకి వాసన తెలియడం మానేసింది. తలనొప్పి మాత్రం రోజూ సాయంత్రం బస్సులో మొదలయ్యేది. సర్టిఫికెట్ ఇవ్వరేమో అన్న భయంతో నేను ఇంకో ప్రశ్న అడగలేదు. నాతో పాటు ఆ గదిలో పనిచేసే కాంట్రాక్ట్ అన్నకి నెల తర్వాత వెళ్లిపోయే అవకాశం లేదు. నేను ఇంటికొచ్చేశా. అతను అక్కడే ఉండిపోయాడు. ఆ రోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అది నాకంటే అతనికే ఎక్కువ పనికొచ్చేదని ఇప్పుడు అనిపిస్తుంది.

అందుకే చెబుతున్నా. ఉద్యోగం ఇవ్వడమే గొప్ప అనుకునే మార్కెట్‌లో ప్రశ్న అడగడం కష్టమే, నాకు తెలుసు. కానీ సరైన భాషలో అడిగిన ప్రశ్న మిమ్మల్ని తలనొప్పి మనిషిగా చూపించదు, పని తెలిసిన మనిషిగా చూపిస్తుంది. మంచి కంపెనీలు ఇలాంటి వాళ్లనే వెతుక్కుంటాయి.

ఇంటర్వ్యూలో, మొదటి వారంలో ఇవి అడగండి

- నేను ముట్టుకునే ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ ఎక్కడుంది? అందులో ఎనిమిదో విభాగం ముందు చదవండి. గాలిలో హద్దు, తొడుక్కోవాల్సినవి అక్కడే ఉంటాయి.
- పని చేసే చోట గాలిని చివరిసారి ఎప్పుడు కొలిచారు? రిపోర్ట్ చూడొచ్చా?
- ఆవిరిని పుట్టిన చోటే లాగేసే ఎగ్జాస్ట్ ఉందా, లేక మాస్క్ ఒక్కటే దిక్కా? మాస్క్ ఆఖరి రక్షణ, మొదటిది కాదు. దుమ్ము మాస్క్ అయితే ఆవిరికి అసలు పనికిరాదు.
- షిఫ్ట్ ఎన్ని గంటలు? హద్దుని ఆ షిఫ్ట్‌కి తగ్గట్టు సవరించారా?
- చేరేటప్పుడు, ఆ తర్వాత ఏటా మెడికల్ పరీక్షలు ఉంటాయా? నా రిపోర్ట్ నాకు ఇస్తారా?
- క్లోరోఫాం లాంటివైతే.. మంట, బాగా వేడెక్కే వస్తువుల దగ్గర వాడుతున్నారా? వేడికి అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారగలదు. వెలుతురు తగిలేలా ఏళ్ల తరబడి నిల్వ ఉంచిన సీసాలోనూ ఈ ముప్పుంది. గోధుమరంగు సీసా వాడేది అందుకే.

ఇంకో సంగతి. ఈ కొలతల పనే ఒక కెరీర్. వెయ్యి మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండి తీరాలని 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైతో పాటు మరికొన్ని నగరాల్లోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లు ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిప్లొమా నడుపుతాయి. కెమిస్ట్రీ, కెమికల్, మెకానికల్ వాళ్లకి ఇది మంచి దారి. కోడింగ్ వచ్చినవాళ్లకి గ్యాస్ సెన్సర్లు, డేటా లాగర్ల వైపు పని ఉంది.

ఈసారి సుల్తాన్‌బజార్ మీదుగా అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి నడుస్తున్నప్పుడు ఆ పాత ఆసుపత్రి వైపు ఓసారి చూడండి. ఇరవై ఏళ్లు చేసిన పనిని మళ్లీ మొదటి నుంచి అర్థం చేసుకోవాలని సముద్రం దాటిన ఓ డాక్టరమ్మ అక్కడ పనిచేసింది. ఆమె పీల్చిన గాలిని కొలిచే మీటర్ ఆ రోజుల్లో లేదు. మీ కాలంలో ఉంది. ఆఫర్ లెటర్‌లో జీతం అంకె చూసిన కళ్లతోనే ఆ మీటర్ అంకె కూడా చూడండి.